సైకిలు, కారు, కులం: పట్నం రోడ్డు మీద మన చరిత్ర

మా నాయిన సైకిలు నేర్చుకున్నది ఊరి బజారులో కాదు, చెరువు కట్ట మీద. 1970ల చివర్లో నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో మాదిగవాడ నుంచి బస్సు రోడ్డుకు పోవాలంటే దొర ఇంటి ముందు నుంచే దారి. ఆ దారిలో మావాళ్లు సైకిలు తొక్కేవాళ్లు కాదు. ముందే దిగి, చెప్పులు విప్పి హ్యాండిల్‌కు తగిలించి, సైకిలు నడిపించుకుంటూ పోయి, మలుపు తిరిగినంక మళ్లీ ఎక్కేవాళ్లు. దిగాలని ఎక్కడా రాసి లేదు. దిగకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. "అది మనల్ని మోసిందానికన్న మనం దాన్ని నడిపించిందే ఎక్కువ" అంటాడు నాయిన ఇప్పటికీ.

1988లో ఆయన హైదరాబాద్ వచ్చాడు. జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో హెల్పర్ పని, బోయిన్‌పల్లిలో ఒక బస్తీలో కిరాయి గది. పాత సైకిలొకటి కొనుక్కుని, బాలానగర్ మీదుగా పొద్దున ఒకసారి, పొద్దుగూకినంక ఒకసారి, ఇరవై ఏళ్లకు పైగా తొక్కాడు. ఆ రోడ్డు మీద సైకిలు తొక్కేవాడికీ మోటారు తోలేవాడికీ మధ్య రోజూ జరిగిన ఎదురుబొదురు వ్యవహారమే ఈ వ్యాసం విషయం.

కార్మికోద్యమ చరిత్ర రాసినవాళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలుపెడతారు. గేటు దాకా ఆ మనిషి ఎట్లా వచ్చాడన్నది వాళ్లకు పట్టలేదు. మనవాళ్లు రాసిన చరిత్రలో బావి ఉంది, గుడి ఉంది, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉంది. రోడ్డు కూడా ఉంది గాని, అది ఊరి రోడ్డు. పట్నం రోడ్డు దగ్గరికి వచ్చేసరికి మనం కూడా దాన్ని 'ట్రాఫిక్ సమస్య' అనుకుని ఇంజనీర్లకు వదిలేశాం.

నిజానికి బండి మీద ఎవరు కూర్చోవాలి, బండిని ఎవరు తోలాలి అన్నది మనకు పాత తగాదాయే. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి తమ కులానికి నిషేధమైన బాటల మీద ఎడ్లబండి ఎక్కి వెళ్లడమే ఒక పోరాటమైంది. అంబేడ్కర్ తన జీవితం నుంచి రాసిపెట్టిన రెండు అనుభవాలు కూడా బండి చుట్టూనే తిరుగుతాయి. 1901లో పిల్లవాడిగా మసూర్ స్టేషన్‌లో దిగి తండ్రి దగ్గరికి గోరేగావ్ పోవడానికి బండి దొరకలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అయితే బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. 1929 నాటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. అయినా చాలీస్‌గావ్‌లో ఒక్క టాంగావాడూ ఆయన్ని ఎక్కించుకుని తోలనన్నాడు. టాంగా మాత్రం ఇచ్చారు. అతిథి నడిచి వస్తే మర్యాద కాదని అక్కడి మహర్లలో ఒకాయన, ఎన్నడూ టాంగా తోలనివాడు, పగ్గాలు పట్టుకున్నాడు. వంతెన మీద బండి అదుపు తప్పింది. అంబేడ్కర్ రాళ్ల మీద పడి కాలు విరిగింది.

ఈ సంఘటనను అంటరానితనానికి ఉదాహరణగా ఎన్నోసార్లు చెప్పుకున్నాం. రోడ్డు ప్రమాదంగా ఎప్పుడూ చదవలేదు. ఆ రోజు కాలు విరగడానికి కారణం గుర్రం కాదు, వంతెనా కాదు.

రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లను కూడా పేరు పెట్టి చెప్పింది. 1955 చట్టం ప్రజా రవాణా వాహనాల్లో వివక్షను నేరం చేసింది. అయినా సైకిలు అనే మాట చట్టంలో విడిగా చెప్పవలసి వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. మన మనిషి బహిరంగ స్థలంలో సైకిలో మోటారు సైకిలో ఎక్కితే అడ్డుకోవడాన్ని, చెప్పులు తొడుక్కుంటే, కొత్త బట్టలు కట్టుకుంటే అడ్డుకోవడాన్ని, పెళ్లి ఊరేగింపును ఆపడాన్ని అది నేరంగా రాసింది. ఇరవై ఒకటో శతాబ్దంలో పార్లమెంటు కూర్చుని 'సైకిలు' అని రాయాల్సి వచ్చిందంటే మా ఊరి దొర ఇంటి ముందటి దారి ఒక్క మా ఊళ్లోనే లేదన్నమాట.

ఇప్పుడు పట్నానికి వద్దాం. బాలానగర్, బోయిన్‌పల్లి బస్తీల్లో రిటైరైన కార్మికులతో మాట్లాడినప్పుడు అందరూ మొదట చెప్పింది కష్టం కాదు, సంతోషం. షిఫ్టు వదిలే టైముకు రోడ్డు నిండా సైకిళ్లే. క్యారియర్ మీద సద్దిగిన్నె, చైనులో పడకుండా ప్యాంటు మడతకు క్లిప్పు. పక్కవాడి కులం ఎవరికీ తెలియదు. ఎవరి ఇంటి ముందూ దిగనక్కర్లేదు. మా నాయిన మాటల్లో చెప్పాలంటే, "దిగకుండ ఎంత దూరమైన పోవచ్చని పట్నంలనే తెలిసింది."

దిగమన్నవాళ్లు పట్నంలోనూ ఉన్నారు, వేరే పేర్లతో. ఒకప్పుడు మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిలు మీద పన్ను వేసి బిళ్ల ఇచ్చేవి. బిళ్ల లేకపోతే సైకిలు గుంజుకునేవాళ్లు. రాత్రిపూట దీపం లేకపోతే జరిమానా, ఇద్దరెక్కితే జరిమానా. నైట్ షిఫ్టు మనిషిని ఆపి "దిగు" అన్నప్పుడు ఆయన దిగేవాడు. దిగడం ఆయనకు అలవాటే కదా.

అన్నిటికన్నా ఎక్కువగా హారన్ ఉంది. వెనక నుంచి కారు వస్తుంది, హారన్ కొడుతుంది, సైకిలు రోడ్డు అంచుకు, మట్టిలోకి దిగాలి. దిగకపోతే అద్దం దింపి "ఏ సైకిల్! కనపడ్తలేదా?" అని ఒక కేక. మనిషిని బండి పేరుతో పిలవడం మన నగరాల అలవాటు. ఏ ఆటో, ఏ రిక్షా, ఏ సైకిల్. చదువుకున్న కొత్తలో నాకు ఈ పిలుపు మీద చాలా కోపం ఉండేది. మనిషిని వస్తువు చేశారు అని నాయినతో వాదించాను. ఆయన విని, "ఊళ్లె కులం పేరు పెట్టి పిలిచేటోళ్లు. ఇక్కడ సైకిల్ అన్నరు. సైకిల్ ఎవడన్న కావొచ్చు" అన్నాడు. నేను విశ్వవిద్యాలయంలో చదివిన సిద్ధాంతాల్లో ఈ తేడా చెప్పిన పుస్తకం లేదు. అవమానాల్లో కూడా ఎక్కువతక్కువలు ఉంటాయి, వాటిని కొలవగలిగేది రెండూ పడినవాడే.

అయితే 'సైకిల్ ఎవడన్న కావొచ్చు' అన్న మాట ఎంతకాలం నిజం? 1960ల్లో, 70ల్లో గుమాస్తాలు, పంతుళ్లు, పోస్ట్‌మ్యాన్లు, అన్ని కులాలవాళ్లూ సైకిలు తొక్కినవాళ్లే. తర్వాత జీతం, అప్పు పుట్టే సామర్థ్యం ఉన్నవాళ్లు స్కూటర్ల మీదికి మారారు. 1956 నుంచి లూధియానాలో సైకిళ్లు చేసిన హీరో సంస్థే 1984లో హోండాతో కలిసి మోటారు సైకిళ్లలోకి దిగింది. 2001 జనాభా లెక్కల నాటికి దేశంలో 11.7 శాతం కుటుంబాలకు స్కూటరో మోటారు సైకిలో ఉంటే, 2011 నాటికి అది 21 శాతమైంది. కారున్న ఇళ్లు 4.7 శాతం. సైకిలున్న ఇళ్లు అప్పటికీ 44.8 శాతం. రోడ్డు వెడల్పు ఎవరి కోసం చేశారో ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. పట్నంలో సైకిలు మీద మిగిలినవాళ్లు వాచ్‌మెన్లు, హెల్పర్లు, పెయింటర్లు, తాపీ పనివాళ్లు. వాళ్లలో మనవాళ్లు ఎంతమంది అన్న లెక్క ప్రభుత్వం తీయదు. రోడ్డు ప్రమాదాల నివేదికల్లో చచ్చిపోయినవాడి వయసుంటుంది, ఆడా మగా ఉంటుంది, ఏ బండి మీద ఉన్నాడో ఉంటుంది. కులం గడి ఉండదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం బాలానగర్ దగ్గర ఒక కారు నాయిన సైకిలు వెనక చక్రాన్ని తగిలింది. నాయిన పక్కకు పడ్డాడు, మోచెయ్యి చీరుకుపోయింది, రిమ్ము వంకర పోయింది, గిన్నె దొర్లింది. కారు డ్రైవరు దిగి నాయిననే తిట్టడం మొదలుపెట్టాడు. నలుగురు పోగయ్యారు. మాటల మధ్యలో డ్రైవరు యాస విని నాయిన "ఏ ఊరు తమ్మి?" అని అడిగాడు. మా పక్క ఊరే. ఏ వాడో కూడా అర్థమైంది, ఇద్దరికీ. అంతలో వెనక సీటు అద్దం దిగింది. "ఎంతయితదో ఇచ్చి పంపించు, లేటయితుంది" అని ఒక గొంతు. డ్రైవరు దగ్గరికి వచ్చి చిన్నగా, "అన్నా, నా జీతంల కోస్తడు. పోయిరా అన్నా" అన్నాడు. నాయిన పైసలు తీసుకోలేదు. చక్రం తిరగక, వెనక భాగం లేపి పట్టుకుని ఇంటి దాకా నడిచి వచ్చాడు.

ఆ రోజు నేను ఆ డ్రైవర్ని అసహ్యించుకున్నాను. ఇప్పుడు మా చిన్నాయిన కొడుకు ఒకరి దగ్గర కారు డ్రైవరు. "సైకిలోళ్ల మీద అంత హారన్ ఎందుకు రా?" అని అడిగితే, "కొట్టకపోతే వెనక నుంచి నిద్రపోతున్నవా అంటడు అన్నా" అన్నాడు. ఆ హారన్ సగం ముందున్న సైకిలుకు, సగం వెనకున్న యజమానికి. 'వాహనదారులు' అని పత్రికలు రాసే మాటలో ఈ ఇద్దరూ కలిసిపోతారు. రోడ్డు మీద కొట్లాడుకునేది స్టీరింగు పట్టినవాడూ పెడలు తొక్కేవాడూ. చాలాసార్లు ఇద్దరిదీ ఒకే వాడ. చాలీస్‌గావ్‌లో పగ్గాలు పట్టడానికి కులం అడ్డొచ్చింది. ఇవాళ పగ్గాలు మన చేతికిచ్చారు, సీటు మాత్రం వాళ్లదే.

చట్టం ఈ సీటును గౌరవంగా కాపాడుతుంది. ఉద్దేశం లేకుండా, నిర్లక్ష్యంగా తోలి ప్రాణం తీస్తే జైలు తోలినవాడికే. పాత శిక్షాస్మృతి 304-ఏ కింద గరిష్ఠంగా రెండేళ్లు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్లు. గుద్ది, చెప్పకుండా పారిపోతే పదేళ్లన్న ఉపసెక్షన్ మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు రోడ్డెక్కారు. మిగతా సంహిత అమలైన రోజున దాన్ని పక్కన ఆపి ఉంచారు. "ఆగితే జనం చంపుతరు, ఆగకపోతే సర్కారు చంపుతది" అని మా తమ్ముడు అన్నాడు. చచ్చిపోయిన సైకిలువాడి తరఫున మాట్లాడే నాకు ఈ మాటకు జవాబు వెంటనే దొరకలేదు.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే చచ్చిపోయినవాడి కుటుంబానికి ఎంత? 1994 సవరణ ప్రకారం 25,000 రూపాయలు, తీవ్రంగా గాయపడితే 12,500. ఈ అంకె 2022 ఏప్రిల్ 1 దాకా, ఇరవై ఏడేళ్లు, అట్లనే ఉంది. ఆ తర్వాత 2 లక్షలు, 50 వేలు చేశారు. బండి తెలిసి ట్రిబ్యునల్‌కు పోతే లెక్క సంపాదన మీద ఉంటుంది. అదే రోడ్డు మీద అదే గుద్దుడుకు ఆఫీసరు ప్రాణం ఒక రేటు, హెల్పర్ ప్రాణం ఒక రేటు. జీతం చీటీ ఏదీ అని వకీలు అడుగుతాడు. మేస్త్రీ ఎప్పుడైనా చీటీ ఇచ్చాడా? సైకిలుకు దీపం ఉందా అని కూడా అడుగుతాడు. లేదంటే చచ్చినవాడి తప్పు కొంత అని పరిహారంలో కోత. అత్యాచారాల చట్టంలో పేరు పెట్టి రాసిన సైకిలు, మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోకి రాదు. మోటారు చట్టం దగ్గరికి అది పోయేది ఎక్కువగా గుద్దుకున్న తర్వాతే.

నాయిన తొక్కిన బాలానగర్ చౌరస్తా మీద 2021 జులైలో ఫ్లైఓవర్ తెరిచారు. దానికి బాబూ జగ్జీవన్‌రామ్ పేరు పెట్టారు. నెహ్రూ మంత్రివర్గంలో తొలి కార్మిక మంత్రి ఆయన. పేరు పెట్టడం మంచిదే, నేను కాదనను. నేను ఎన్నిసార్లు పోయినా ఆ వంతెన మీద సైకిలు తొక్కుతున్న మనిషిని చూడలేదు. సైకిళ్లు కిందనే, స్తంభాల పక్కన, ఆటోల మధ్యన పోతున్నాయి.

సైకిళ్లకు దారి అసలు వేయలేదని కాదు. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. పేపర్లో ఫోటో నాయినకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. నీడ ఉండటం బాగుంది అన్నాడు. తర్వాత, "ఇది ఏ కంపెనీ గేటుకు పోతది?" అని అడిగాడు. పొద్దున్నే కార్లకు సైకిళ్లు కట్టుకుని వచ్చి, తొక్కి, మళ్లీ కార్లలో పోతారట అని చెప్పాను.