నమూనా నుండి యంత్రమునకు

పారిస్ నగరమున భూగర్భమున నడచు రైలు మార్గములలో 14వది 1998 అక్టోబరు 15వ తేదీన ప్రారంభమయ్యెను. ఆ బండి ముందు పెట్టెలో నిలిచి చూచువారికి సొరంగము కనిపించును, పట్టాలు కనిపించును; బండి నడుపువాడు మాత్రము కనిపింపడు. వేగము పెంచుట, తగ్గించుట, తలుపులు తెరచుట, మూయుట, ముందున్న బండికి తగిన దూరమున నిలుచుట, ఇవన్నియు కంప్యూటర్ల పనియే. వేలకొలది ప్రయాణికుల ప్రాణములు యంత్రము చదువుకొను కొన్ని పంక్తులపై ఆధారపడి యున్నవి. ఆ పంక్తులను వ్రాసినది ఎవరు? వానిలో తప్పు లేదని నమ్ముట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియవలెనన్న, మనము కంప్యూటర్ల తొలినాళ్లకు పోవలసి యున్నది.

కంప్యూటరునకు సహజముగా తెలిసిన భాష అంకెలది మాత్రమే. మొదటి దినములలో ఒక లెక్క చేయింపవలెనన్న, ఏ సంఖ్యను ఎచ్చటినుండి తీయవలెను, దేనితో కూడవలెను, ఫలితమును ఎచ్చట ఉంచవలెను అని ఒక్కొక్క అడుగును అంకెలలో వ్రాయవలసి యుండెను. ఒక్క అంకె తారుమారైనను లెక్క అంతయు చెడెడిది. 1952లో అమెరికాలో యూనివాక్ యంత్రముపై పనిచేయుచుండిన గ్రేస్ హాపర్ అను గణితశాస్త్రజ్ఞురాలు ఈ కష్టమునకు ఒక ఉపాయము కనిపెట్టెను. మాటిమాటికి కావలసివచ్చు గణన భాగములను టేపుపై నిలువచేసి, ఒక్కొక్క దానికి ఒక గుర్తు నిచ్చెను. ఆ గుర్తుల వరుసను చెప్పినచో యంత్రమే భాగములను వెదకి కూర్చుకొనును. ఎ-సున్న అని పేరొందిన ఈ ప్రోగ్రాముతో, యంత్రమునకు కావలసిన వ్రాతను యంత్రముచేతనే వ్రాయించు పని ఆరంభమయ్యెను.

1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్, ఆయన సహచరులు ఫోర్ట్రాన్ భాషను వెలువరించిరి. సూత్రముల అనువాదము అని ఆ పేరునకు అర్థము. శాస్త్రజ్ఞుడు తనకు అలవాటైన గణిత సూత్రమును ఇంచుమించు అట్లే వ్రాసిన చాలును. కంపైలర్ అను అనువాదకుడు దానిని అంకెలలోనికి మార్చును. చేయి తిరిగిన ప్రోగ్రామర్లు దీనిని తొలుత నమ్మలేదు. యంత్రము వ్రాసినది మనుష్యుడు వ్రాసినంత చురుకుగా నడచునా అని వారి సందేహము. బాకస్ బృందము తన శ్రమలో అధిక భాగమును ఆ సందేహమును తీర్చుటకే వెచ్చించెను. ఆ కాలమున ఈ పద్ధతిని స్వయంచాలక ప్రోగ్రామింగ్ అనెడివారు. ఇక మనుష్యునకు పని తగ్గునని పలువురు తలచిరి. అట్లు జరుగలేదు. వ్రాయు చోటు మాత్రము మారెను. యంత్రమునకు దగ్గరగా కూర్చుండి వ్రాసినవాడు ఒక మెట్టు ఎక్కి, తన తలపునకు దగ్గరగా కూర్చుండెను.

మెట్టు ఎక్కిన కొలది చేపట్టు పనులును పెద్దవయ్యెను. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో సమావేశమైన నిపుణులు, సాఫ్ట్‌వేర్ పనులు గడువు మీరుచున్నవని, ఖర్చు మీరుచున్నవని, నమ్మదగియుండుట లేదని చర్చించిరి. అనువాద భాష ఎంత మంచిదైనను, లక్షల పంక్తుల వ్రాతను ఒక్క చూపున చూడగల కన్ను మనుష్యునకు లేదు. కావున వ్రాతకు ముందు ఒక నమూనా ఉండవలెనను తలంపు బలపడెను. ఎవరి గీతలు వారివిగా ఉన్న కాలమున, గ్రేడీ బూచ్, జేమ్స్ రంబో, ఐవార్ జాకబ్సన్ అను ముగ్గురు తమ పద్ధతులను ఏకము చేయ పూనుకొనిరి. ఆ కృషినుండి వచ్చిన యు.ఎం.ఎల్. అను చిత్ర భాషను 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అను సంస్థ ప్రమాణముగా స్వీకరించెను. 2001లో ఆ సంస్థయే మరియొక అడుగు వేసి, నమూనాను చూచి మనుష్యుడు కోడ్ వ్రాయుటకు మారుగా, నమూనానుండి కోడ్‌ను యంత్రమే పుట్టింపవలెనని ప్రతిపాదించెను.

ఒక గ్రంథాలయమును తలచుకొందము. ఒక ప్రతి ఒక కాలమున ఒక సభ్యుని యొద్దనే ఉండవలెను. గడువు దాటిన పుస్తకము ఉన్నవానికి మరియొకటి ఈయరాదు. ఇవి గ్రంథాలయపు నియమములు. ఏ కంప్యూటరు, ఏ భాష, వివరములను దాచు ఏ ఏర్పాటు అను మాట వీనిలో లేదు. ఇట్టిది అమూర్త నమూనా. దీనిని ఒకానొక యంత్రపు ఏర్పాటునకు తగిన నమూనాగా మార్చుటకు కొన్ని సూత్రములు, దానినుండి కోడ్ పుట్టించుటకు మరికొన్ని సూత్రములు. పదేండ్లకు యంత్రములు మారిపోవచ్చును. గ్రంథాలయపు నియమము మారదు. అప్పుడు సూత్రములను మార్చిన చాలును, నమూనా నిలిచియే యుండును. ఇదియే ఈ పద్ధతికి మూలమైన ఆశ.

ఆశ పూర్తిగా ఫలింపలేదు. అందులకు కారణము మన ఇండ్ల నిర్మాణములో నిత్యము చూచునదే. ఇల్లు కట్టించువాడు ముందుగా ప్లాను గీయించును. పని సాగుచుండగా, ఈ కిటికీ ఇటు జరిపిన గాలి బాగుగా వచ్చునని మేస్త్రితో నోటిమాటగా చెప్పును. మేస్త్రి జరుపును. ప్లానును దిద్దువారుండరు. కొన్నేండ్లకు గోడలో గొట్టము వేయవచ్చినవాడు ఆ కాగితమును నమ్మి సుత్తి ఎత్తును; కరెంటు తీగ అచ్చటనే ఉండును. సాఫ్ట్‌వేరులోను ఇంతే. యంత్రము పుట్టించిన కోడ్‌ను తొందరలో చేతితో దిద్దుదురు, నమూనాను దిద్దరు. మరల కోడ్ పుట్టించినచో చేతి దిద్దుబాటు పోవును. పుట్టింపకున్నచో నమూనా గోడకు తగిలించిన పటము వంటిదగును.

ఈ ఎడబాటు ఎంత ప్రమాదకరమో 1996 జూన్ 4వ తేదీన లోకము చూచెను. ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి తొలిసారిగా ఎగిరిన ఏరియాన్ 5 రాకెట్టు 40 సెకన్లలోపుననే ముక్కలయ్యెను. దాని దిక్కును తెలుపు సాధనములోని ప్రోగ్రాము వెనుకటి ఏరియాన్ 4 నుండి తెచ్చినది. అడ్డముగా పోవు వేగమునకు సంబంధించిన ఒక సంఖ్యను 64 బిట్ల రూపమునుండి 16 బిట్ల రూపమునకు మార్చుచోట, అది పట్టనంత పెద్దదయ్యెను. పాత రాకెట్టు మార్గమున అంత పెద్ద సంఖ్య రాదని తెలిసియే అచ్చట రక్షణ పెట్టలేదు. కాని ఆ నిర్ణయమునకు కారణము కోడ్‌లో ఎచ్చటను నేరుగా కనిపింపలేదని విచారణ సంఘము తెలిపెను. కోడ్ ఏమి చేయవలెనో చెప్పెను. ఏల అట్లు చేయవలెనో చెప్పలేదు.

పారిస్ ఇంజనీర్లు శ్రద్ధ వహించినది ఈ "ఏల" అను మాటపైననే. జ్యాఁ-రేమోఁ అబ్రియాల్ రూపొందించిన బి-పద్ధతిని వారు ఉపయోగించిరి. ముందుగా రెండు బండ్లు ఒకదానికొకటి తగులరాదు మొదలైన నియమములను గణిత భాషలో నమూనాగా వ్రాయుదురు. దానిని మెట్టుమెట్టుగా యంత్రమునకు దగ్గరగా తెత్తురు. క్రింది మెట్టు పై మెట్టు నియమమును తప్పుట లేదని ప్రతి దిగుదలయందును నిరూపింపవలెను. చివరి మెట్టునుండి అడా భాషలోనికి మార్చుట యంత్రపు పని. రక్షణకు సంబంధించిన భాగమునకు బి-భాషలో సుమారు 1,15,000 పంక్తులు, వానినుండి 86,000 అడా పంక్తులు, నిరూపింపవలసిన విషయములు 27,800 వరకు వచ్చెను. నిరూపణ ముగిసిన పిమ్మట జరిపిన పరీక్షలలో ఆ భాగమున తప్పు కనిపింపలేదని ఆ ఇంజనీర్లు 1999లో ప్రకటించిరి. తప్పులు కనిపింపక పోలేదు. నిరూపణ సాగనిచోట అవి ముందే బయటపడెను.

అట్లని నిరూపణను మంత్రముగా భావింపరాదు. కోడ్ నమూనాకు సరిపోవుచున్నదని అది చెప్పును. నమూనా లోకమునకు సరిపోవుచున్నదని చెప్పదు. బండి ఆగుటకు పట్టు దూరమును నమూనాలో తక్కువగా వ్రాసినచో, కోడ్ ఆ తప్పును మిక్కిలి విశ్వాసముతో పాటించును. పట్టాల ప్రక్కకు పోయి ఆ దూరమును కొలువవలసినవాడు మనుష్యుడే.

నేడు మనము వాడుక మాటలలో కోరినను కోడ్ వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి. హాపర్ టేపుతో మొదలైన మెట్లలో ఇదియు నొకటి. ఇప్పుడును ప్రోగ్రామరుతో ఇక పని లేదను మాట వినిపించుచునే యున్నది. మాకు తోచునది ఇంతే: మెట్టు ఎంత పైదైనను అడుగవలసిన ప్రశ్నలు మారవు. మన ఉద్దేశ్యము ఎచ్చట వ్రాయబడినది? దానిని చదివి సరియేనని చెప్పిన వారెవరు? తప్పు కనిపించిననాడు దిద్దునది ఆ వ్రాతనా, దాని నీడనా? ఈ మూడింటికి సమాధానమున్నచో, నడుపువాడు లేని బండిలోనైనను నిశ్చింతగా కూర్చుండవచ్చును.