క్రియ వెంట నడచు వాక్యము

ఆంగ్లమున ‘గివ్ మి ది బుక్’ అనవచ్చును; ‘ఎక్స్‌ప్లెయిన్ మి ది లెసన్’ అనరాదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ది లెసన్ టు మి’ అనవలెను. తెలుగున ‘నాకిమ్ము’, ‘నాకు వివరింపుము’ అనునవి రెండును ఒకే తీరున నడచును గనుక మనకిచ్చట కాలు జారుట సహజము. పదముల యర్థము తెలిసినంతమాత్రమున వాక్యము కుదరదు. ఏ క్రియ ఏ కూర్పును సహించునో వేరుగ నేర్వవలెను.

ఈ చిక్కును శ్రద్ధతో పరిశీలించినవారిలో జపానున ఆంగ్లము బోధించిన ఆంగ్లేయులు ముఖ్యులు. హెరాల్డ్ పామర్ 1922లో అచ్చటికి చేరెను. 1924లో వచ్చిన ఏ. ఎస్. హార్న్‌బీ పిదప ఆయనతో గలిసి పనిచేసెను. 1936లో పామర్ మరలిపోయినను హార్న్‌బీ పని విడువలేదు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డు అనువారల తోడ్పాటుతో విద్యార్థుల కొక నిఘంటువును కూర్చెను. ప్రతి క్రియ చెంతను అది యే తీరున వాక్యమున నిలుచునో తెలుపు గుర్తు లుంచిరి.

ఇంతలో, 1941 డిసెంబరున, బ్రిటనుకును జపానుకును యుద్ధము వచ్చిపడెను. అయినను 1942లో ఆ గ్రంథము టోక్యోలోనే అచ్చయినది! శత్రువుల భాషను నేర్పు పుస్తకమును శత్రురాజధానియే వెలువరించుట వింత గాదా? 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము దానిని పునర్ముద్రించెను.

1954 నాటి మరియొక గ్రంథమున హార్న్‌బీ క్రియల తీరులను 25గా విభజించెను. ఆ సంఖ్యలను వల్లించుట విసుగే; పక్కనున్న ఉదాహరణలే మేలు. ‘ఐ వాంట్ యు టు కమ్’ అనియు, ‘ఐ హోప్ యు విల్ కమ్’ అనియు నాలుగుమారులు పైకి చదివినచో చెవియే తేడాను పట్టుకొనును.