పదివేలకు మించి కుదరదు

2004 జూలై 26, సోమవారం. సికింద్రాబాద్‌లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కౌంటరు. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన విత్‌డ్రాయల్ స్లిప్ ముందుకు జరిపాడు. అరవై వేలు రాసుంది.

"పదివేలకు మించి ఇయ్యలేం పెద్దాయనా. ఆర్డర్ వచ్చింది."

"నా పైసలు నాకియ్యనీకి ఆర్డరేంది బిడ్డా?"

గార్డు నా కల్పన. ఆర్డర్ మాత్రం నిజం. రెండు రోజుల ముందు, శనివారం నాడు, కేంద్రం ఆ బ్యాంకు మీద మూడు నెలల మారటోరియం, అంటే చెల్లింపుల మీద కట్టడి, విధించింది.

వైశ్యా బ్యాంకులో పేరు తెచ్చుకున్న రమేశ్ గెల్లి 1994లో నిలబెట్టిన బ్యాంకు ఇది. షేర్ల కోసం జనం ఎగబడ్డారు. తర్వాత బ్యాంకిచ్చిన అప్పులు స్టాక్ మార్కెట్ దారి పట్టాయి. 2001లో స్టాక్ బ్రోకర్ కేతన్ పారేఖ్ కుంభకోణం బయటపడ్డాక ఆ డబ్బు ఇరుక్కుపోయింది, యూటీఐ బ్యాంకుతో విలీనం ఆగిపోయింది, గెల్లి ఛైర్మన్ కుర్చీ దిగారు.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం 2002 మార్చి 31 నాటి లెక్క. ఆడిటర్లు సంతకం పెట్టిన పద్దులో లాభం 40 కోట్లు, నికర విలువ (ఆస్తుల్లోంచి చెల్లించాల్సినవి తీసేస్తే వాటాదారులకు మిగిలేది) 400 కోట్ల పైన. అదే తేదీకి రిజర్వ్ బ్యాంకు తనిఖీ చేస్తే నికర విలువ సున్నాకు దిగువన తేలింది! తేడా అంతా రాని బాకీల దగ్గరే. బాకీ మునిగిందని ఒప్పుకుంటే లాభంలోంచి తీసి పక్కన పెట్టాలి. ఒప్పుకోకపోతే అది ఆస్తుల వరసలో దర్జాగా కూర్చుంటుంది. కానీ ఆ ఆస్తిని కౌంటర్లో నోట్లుగా లెక్కపెట్టి ఇవ్వలేరు. డిపాజిట్లేమో గడువు తీరి వస్తూనే ఉంటాయి. పాతవాళ్లకు తీర్చడానికి ఎక్కువ వడ్డీకి కొత్త డిపాజిట్లు తెస్తే, నిజంగా వచ్చే కాస్త లాభాన్నీ ఆ వడ్డీ మింగేస్తుంది. "ఈ బాకీల్లో నగదయ్యేవి ఎన్ని, ఎప్పటికి?" అని యాజమాన్యాన్ని నిలదీయడం బోర్డు పని. డైరెక్టర్లు కూర్చునేది అందుకే. ఆ పని జరగని చోట లాభం అంకె ఎంతైనా పలుకుతుంది.

మరుసటి ఏడాది పద్దులో దాపరికం సాగలేదు. 272 కోట్ల నష్టం.

2004 ఆగస్టు 14న బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. గార్డు మళ్లీ అదే కౌంటరు దగ్గరికి వెళ్లాడనుకుందాం. డిపాజిట్ రూపాయి తగ్గకుండా చేతికొచ్చింది. సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు, 1994లో కొన్న షేర్లది.

"దీనికెంతొస్తది బిడ్డా?"

కౌంటర్లో కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడత పడకుండా వెనక్కిచ్చాడు.

"ఏం రాదు పెద్దాయనా."