తాళికి సాక్ష్యం

గుంటూరు మిర్చియార్డు సంగతి మన జిల్లాల వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. టిక్కీ విప్పి చూసినాయన "తేమ ఎక్కువగా ఉందయ్యా" అంటే రైతు కాయను మళ్ళీ ఎండబోస్తాడు. "తాలు కలిసింది" అంటే ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరేస్తారు. అంతేగాని అదే టిక్కీకి మూతి కుట్టి, మర్నాడు మళ్ళీ తీసుకుపోయి, ఈసారైనా కొనకపోతాడా అని ఆశగా నిలబడే రైతు ఎక్కడా ఉండడు.

మరి వీసా దగ్గరకొచ్చేసరికి మన ఇళ్ళల్లో చేసేది సరిగ్గా ఆ పనే! అల్లుడు అమెరికాలో ఉంటాడు. పిల్ల కాన్సులేటు కిటికీ దగ్గర నుంచి మొహం వేలాడేసుకుని తిరిగొస్తుంది. వారం తిరక్కుండా అవే కాగితాలు, మళ్ళీ కొత్త ఫీజు, చిలుకూరు బాలాజీకి మళ్ళీ పదకొండు ప్రదక్షిణలు. "దశ బాగాలేదు" అని తల్లి, "ఆ కిటికీలో కూర్చున్నవాడు మంచివాడు కాదు" అని తండ్రి. ఎందుకు కాదన్నారో మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని చరిత్ర చెబుతోంది.

కట్టుకున్నదాన్ని మొగుడి దగ్గరకు పోనివ్వమని ప్రభుత్వాలు అనడం ఈనాటిది కాదు. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన హసన్ ఈసప్ అనే ఆయన మన దేశం వచ్చి బాయ్ మరియంను పెళ్ళాడి వెంటబెట్టుకు వెళితే, అధికారులు ఆమెను అడుగు పెట్టనివ్వలేదు. 1913 మార్చి 14న కేప్ సుప్రీం కోర్టు న్యాయమూర్తి సెర్ల్, బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతాచారం ప్రకారం జరిగిన పెళ్ళి చట్టం దృష్టిలో పెళ్ళి కాదని తీర్పిచ్చాడు. అంటే ఆ ఒక్క ఇల్లాలి సంగతే కాదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాలు చెరకు తోటలకు వెళ్ళిన మన తెలుగు కూలీల పెళ్ళాలు కూడా ఒక్క కలంపోటుతో పెళ్ళాలు కాకుండా పోయారు!

అప్పుడు గాంధీగారి ఉద్యమంలోకి ఆడవాళ్ళు దిగారు. సెప్టెంబరులో కస్తూర్బాకు మూడు నెలల కఠిన శిక్ష పడింది. పదహారేళ్ళ తమిళ పిల్ల వళ్ళియమ్మ జైల్లో జబ్బుపడి, విడుదలైన కొద్దిరోజులకే 1914 ఫిబ్రవరిలో కన్నుమూసింది. ఆ ఏడే భారతీయుల సహాయ చట్టం వచ్చి మన పెళ్ళిళ్ళకు గుర్తింపు దొరికింది. అక్కడ కాదనడానికి కారణం చట్టమే అయింది గనుక చట్టాన్నే మార్పించుకున్నారు.

కారణమే చెప్పకపోతే? ఎలెన్ నాఫ్ కథ వినండి. అమెరికన్ పౌరుణ్ణి జర్మనీలో పెళ్ళాడి 1948 ఆగస్టులో న్యూయార్కు రేవుకు చేరింది. "నీ రాక దేశానికి క్షేమం కాదు" అని ఆపేశారు. ఎందుకయ్యా అంటే, అది రహస్యం! 1950 జనవరిలో అమెరికా సుప్రీం కోర్టు కూడా నలుగురు ముగ్గురుగా చీలి ప్రభుత్వాన్నే సమర్థించింది. ఆమె మాత్రం ఊరుకోలేదు. పత్రికలు రాశాయి, చట్టసభలో సభ్యులు పట్టుపట్టారు. చివరికి విచారణ జరిపించి ఆ రహస్యాన్ని బయటపెడితే తేలిందేమిటి? వట్టి చెప్పుడు మాటలు. 1951 నవంబరులో దర్జాగా లోపలికి నడిచింది.

ఇంగ్లండు తీరు మరోరకం. అక్కడ స్థిరపడిన మగవాడు భార్యను తెచ్చుకోవచ్చు. ఆడది భర్తను తెచ్చుకోవడానికి మాత్రం సవాలక్ష అడ్డంకులు. గుజరాత్‌లో పుట్టిన భర్త కోసం నర్గిస్ అబ్దులజీజ్, ఆమెతో పాటు మరో ఇద్దరు స్త్రీలు స్ట్రాస్‌బర్గ్ కోర్టుకెక్కి 1985 మేలో నెగ్గారు. ఇది స్త్రీల పట్ల వివక్షే అంది కోర్టు. ప్రభుత్వం ఏం చేసిందనుకున్నారు? ఆడవాళ్ళకు దారి వెడల్పు చేయలేదు, మగవాళ్ళ దారినే ఇరుకు చేసింది! దేశంలో ఉండిపోవడమే ఈ పెళ్ళి ముఖ్యోద్దేశం కాదని రుజువు చేయమనే నిబంధన భార్యలకూ తగిలించింది. పెద్దలు కుదిర్చిన సంబంధాలు చేసుకునే మనబోటి వాళ్ళు ఏం చెప్పి రుజువు చేస్తారు? 1997 జూన్‌లో గాని అది రద్దు కాలేదు.

ఇక మన సంగతి. 1946లో పుట్టిన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు, 1965లో అమెరికా వలస చట్టం తలుపులు తెరిచాక, పెద్ద సంఖ్యలో అటు వెళ్ళారు. తరువాత ఇంజనీర్లు. 2009లో హైదరాబాదు కాన్సులేటు వీసాలివ్వడం మొదలుపెట్టేదాకా మన ఆడపిల్లలు ఈ పరీక్షకు మద్రాసు పోవలసి వచ్చేది.

అక్కడ కాదన్నప్పుడు ఏ సెక్షనో రాసిన కాగితం ఒకటి చేతిలో పెడతారు. ఏడుస్తూనైనా సరే, దాన్ని చదవాలి. 221(జి) అని ఉంటే, కాగితం ఏదో తక్కువయిందని గాని, ఇంకా పరిశీలిస్తున్నారని గాని అర్థం. అడిగింది ఏడాదిలోపు ఇస్తే పాత దరఖాస్తే నడుస్తుంది. 214(బి) అయితే వేరు. చుట్టపుచూపుగా వస్తున్నామన్నవాళ్ళు తిరిగి రారనే ఆ చట్టం ముందుగా అనుకుంటుంది; వస్తామని రుజువు చేసుకునే బరువు మనదే. గ్రీన్‌కార్డు మొగుడు అక్కడుండగా టూరిస్టు వీసా అడిగే భార్య ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది? దానికి అప్పీలు లేదు, కొత్త దరఖాస్తే. మారనివి మళ్ళీ చూపిస్తే జవాబూ మారదు. ఆమె వెళ్ళవలసిన దారి భర్త వేసే పిటిషన్, ఎన్నాళ్ళు పట్టినా సరే. అన్నిటికన్నా ప్రమాదం అబద్ధం. తొందరలో ఏ ఏజెంటో రాసిచ్చిన ఒక్క దొంగకాగితం బయటపడితే జీవితాంతం తలుపు మూసుకుపోవచ్చు.

మన పెళ్ళిళ్ళలో బ్రహ్మముడికీ, ఏడడుగులకూ ఊరంతా సాక్షి, కాగితమే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళి రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. అయినా వీసా మాట వచ్చాకగాని మనకు రిజిస్ట్రారు ఆఫీసు గుర్తుకు రాదు. వీడియోకి లక్షలు పోస్తాం, ఆ కాగితానికి మాత్రం ఒక్క పూట తీరిక ఉండదు.

కోర్టులే ఆదుకుంటాయనీ అనుకోకండి. సాండ్రా మున్యోజ్ అనే అమెరికన్ లాయరు భర్తకు వీసా నిరాకరించారు. అసలు అనుమానం ఏమిటో ఆవిడ దావా వేశాకగాని బయటికి రాలేదు. 2024 జూన్‌లో సుప్రీం కోర్టు, భర్తను దేశంలోకి తెచ్చుకోవడం పౌరురాలికి రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చేసింది. చదువుకున్న లాయరమ్మకే అలా అయితే, నరసరావుపేట పిల్లకు తన కాగితమే అండ.

అందుకే ఇంటికి తిరిగొచ్చిన పిల్లను "ఏమయిందే?" అని గుచ్చి గుచ్చి అడగకండి. ఇన్ని అన్నం మెతుకులు తిననిచ్చి, కాస్త తేరుకున్నాక, ఆ కాగితం తెమ్మనండి. పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి చదవండి.