మన యిండ్లలో మ్రోగిన యంత్రములు

ఒక కుటుంబము తన మాతృభాషను ఎట్లు నిలుపుకొనినదో, ఎట్లు జారవిడిచినదో తెలిసికొనుటకు శాసనములను పరిశోధింప నవసరము లేదు. ఆ యింటి నడిమి గదిలో ఏ కాలమున ఏ యంత్రము మ్రోగెనో, అది ఏ భాషలో మ్రోగెనో విచారించిన చాలును. తెలుగునాట నుండువారికి ఈ విషయము అంతగా స్ఫురింపదు. వీథిలోను, బడిలోను, కచేరీలోను వారికి తెలుగే వినబడును. యానాము వారికిని చుట్టుప్రక్కల గోదావరి సీమయే కావున ఈ చిక్కు తక్కువ. తక్కిన మన కట్లు కాదు. గుమ్మము దాటినంతనే మరియొక భాషతో పని. కావున ఇంటిలోని ధ్వనియే మన పిల్లలకు తొలి తెలుగు బడి. తరతరములుగా బరంపురమున నివసించుచున్న వారము గనుక, మాకు తెలిసిన మేరకు ఈ చరిత్రను ఇందు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మొట్టమొదట వచ్చినది గ్రామఫోను. 1902లో గౌహర్ జాన్ గానము కలకత్తాలో రికార్డు చేయబడెను. 1908లో ఆ నగరముననే ప్లేట్లను తయారుచేయు కర్మాగారము వెలసెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ నల్లని ప్లేటు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే పలికెడిది. రాగము తీయుటకు అలవాటుపడిన మన నాటక గాయకులు ఆ మూడు నిమిషములలో పద్యమును ముగింపవలసి వచ్చెను. కీ త్రిప్పి, ముల్లు మార్చి వినవలసిన ఆ పెట్టెకు విద్యుత్తుతో గాని, ప్రసార కేంద్రముతో గాని పని లేదు. అందుచేత బెజవాడవారు వినిన పద్యమునే గంజాము వారును వినగలిగిరి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడి బరంపురము అందులో చేరెను. ఎల్లలు మారిన సంగతి గ్రామఫోనుకు తెలియదు. అయితే అది కలవారి సొత్తు. మా వీథిలో ఒక్క యింటనే యుండెనని, ఆ యింటి అరుగుపై వీథి వీథియంతయు కూర్చుండెడిదని మా పెద్దలు చెప్పెడివారు.

పిమ్మట రేడియో వచ్చెను. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమై తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములను గూడ ప్రసారము చేసెను. 1948 జనవరిలో కటక కేంద్రమును, అదే సంవత్సరము డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును తెరవబడెను. ఇచ్చట ఒక ప్రకృతి ధర్మమును చెప్పవలసియున్నది. మీడియం వేవ్ తరంగములు పగటివేళ భూమి వెంట కొంత దూరమే పోగలవు. ఆకసమున కెగసిన తరంగములను, సూర్యరశ్మివలన ఏర్పడు ఒక పొర మ్రింగివేయును. ప్రొద్దు క్రుంకిన పిదప ఆ పొర కరగిపోవును. అప్పుడు తరంగములు మరింత ఎత్తున నున్న పొరను తాకి మరలి, వందల మైళ్ళ దూరమున దిగును. కనుకనే మా యింట పగలు కటకమును, రాత్రి విజయవాడయు పలికెడివి. పగలు ఒరియా, రాత్రి తెలుగు. 1963లో విశాఖపట్టణ కేంద్రము వచ్చిన తరువాతను, విజయవాడ నాటకముల కొరకు మేము చీకటి పడువరకు వేచియుండెడివారము.

ఆ వేచియుండుటలో ఒక విశేషము గలదు. భోజనములైన పిదప నాటకము మొదలగువరకు మా తండ్రిగారు మమ్ములను ఊరకుండనిచ్చెడివారు కారు. పలక ముందుంచి గుణింతములు వ్రాయించెడివారు, పెద్దబాలశిక్ష చదివించెడివారు. పోస్టాఫీసున ఏటేట లైసెన్సు రుసుము చెల్లించి ఉంచుకొనిన రేడియో గదా, దానిని వృథాగా త్రిప్పరాదని వారి నియమము. గరగర ధ్వనుల నడుమ తెలుగు మాట స్పష్టమగువరకు ఆయన మీట త్రిప్పుచుండగా మేము శ్వాస బిగబట్టి కూర్చుండెడివారము. ఒక మాట జారిపోయినచో ప్రక్కవారిని అడుగవలెను. మరల వినుటకు వీలు లేదు. అట్లు చెవికి తెలుగు, చేతికి అక్షరము ఒకే దీపము క్రింద అలవడినవి.

టెలివిజను వచ్చినప్పుడు ఈ క్రమము తలక్రిందులయ్యెను. ఆ తరంగములు రాత్రియైనను దిగంతము దాటి అంతగా రావు. ప్రసార స్తంభమునకు పరిసరముననే అందును. 1975 ఆగస్టు 15న మదరాసు టెలివిజను కేంద్రము ప్రారంభమైనప్పుడు అచ్చటి తెలుగు కుటుంబములకు ముఖ్యముగా లభించినది తమిళము. 1984 ప్రాంతమున దేశమంతటను చిన్న చిన్న ప్రసార స్తంభములు నెలకొల్పబడగా మావంటి పట్టణములకు ఢిల్లీ హిందీ కార్యక్రమములు వచ్చినవి. 1987లో రామాయణము ప్రసారమైన ఆదివారములలో మేమును అందరివలెనే సంతోషముతో చూచితిమి. ఆ సంతోషమును కాదనము. కాని టెలివిజను కొనిన దినమున రేడియోను అటకపై కెక్కించిన చేతులు మావే. పలకయు దానితోనే అటక యెక్కినది. మా పిల్లలు తెలుగు మాటలాడిరి గాని చదువ నేర్వరైరి. ఇందు యంత్రము దోషమేమియు లేదు. సాయంకాలపు గంటను దానికి అప్పగించినది మేమే.

1995లో తెలుగునకు ప్రత్యేక ఉపగ్రహ చానళ్ళు వెలువడినవి. భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహమునకు రాష్ట్రముల ఎల్లలతో పనిలేదు. బెంగుళూరు, షోలాపురము, బరంపురము అన్నియు దానికి సమానమే. రాత్రికై వేచియుండ నక్కరలేక పగలు రేయి తెలుగు మ్రోగెను. దుర్లభమైనది సులభమయ్యెనని మేము పొంగిపోతిమి. కాని మ్రోగినంతసేపు విని, ఆపినంతనే మరచుట అలవాటయ్యెను.

ఇప్పుడు ప్రతివారి చేతిలోను ఫోను గలదు. దానిని నిందించుట వృద్ధుల వాడుక, మేమట్లు చేయము. ప్రపంచ లిపులకు సంఖ్యా స్థానములు కల్పించు యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వెలువడినప్పుడే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. మా బాల్యమున ఒక్క తెలుగు పుస్తకమునకై విశాఖకు వ్రాయవలసి వచ్చెడిది. నేడు వందల పుస్తకములు అరచేతిలోనికి వచ్చుచున్నవి. ఇంత సంపద ఏ తరమునకు లభించెను? అయినను మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నారు. మేము తెలుగు లిపిలో పంపిన సందేశమును చదువలేక, మాటలాడి పంపుడని కోరుచున్నారు. ఒక్కొక్కరు చెవులలో ఒక్కొక్క తీగ పెట్టుకొనుటచే, ఒకే గదిలో నలుగురు నాలుగు వేరు లోకములలో నుందురు.

గత సంవత్సరము మా తండ్రిగారి పెట్టెను తెరచితిమి. రైలు ఉద్యోగమునకై ఖరగపురమున నున్న కాలమున ఆయన మా తల్లిగారికి వ్రాసిన కార్డులు అందు కట్టగా నుండెను. మా మనుమడు ఉత్సాహముతో ఫోనును ఒక కార్డుపై నిలిపెను. అంతకు ముందు దినమున అచ్చు పుస్తకమును చక్కగా చదివి వినిపించిన ఆ సాధనము, ఆ గొలుసుకట్టు వ్రాతను చూచి ఏవో పొంతనలేని మాటలు పలికెను. "తాతయ్యా, ఇది దీనికి రాదు. మీరే చదవండి" అని వాడు కార్డు మా చేతి కిచ్చెను. చదివితిమి. బియ్యము ధర, జీతము ఆలస్యము, పిల్లవానికి అక్షరాభ్యాసము చేయించుమను మాట. ఆ పిల్లవాడము మేమే. మా తరువాత ఆ కార్డులను చదువువా రెవ్వరని ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

ఇన్ని యంత్రములను చూచిన పిదప మా అభిప్రాయ మిది. యంత్రము భాషను ఇంటిలోనికి తెచ్చునేగాని నిలుపజాలదు. నిలుపునది దానిచుట్టు కలిసి కూర్చుండిన మనుష్యులు, వారు పిల్లలకిచ్చిన గంటకాలము. కావున వారమునకొక సాయంకాలమైనను ఇంటివారందరు ఒకే ధ్వనిని కలిసి వినవలెను. మన ఫోనులలో తెలుగు అక్షరములను అమర్చుకొని, పిల్లలకు చిన్న చిన్న మాటలు ఆ లిపిలోనే వ్రాసి, ఆ లిపిలోనే జవాబు కోరవలెను. పెద్దల కంఠములను, పాత ఉత్తరములను ఆ ఫోనులతోనే భద్రపరచవలెను. చదువగలవా రుండగనే వాని ప్రక్కన అచ్చు అక్షరములలో ఎత్తి వ్రాయవలెను.

మేము ఆరంభించితిమి. ప్రతి ఆదివారము రాత్రి భోజనములైన పిదప మనుమడు ఒక కార్డును ఎత్తి వ్రాయును. నేటికి పదునొకండు కార్డులైనవి. పండ్రెండవదానిలో 'క్ష' వద్ద ఆగియున్నాడు. అటకపైనుండి దింపిన పలక వాని ముందున్నది.