తాళానికీ దూరానికీ మధ్య

పాట ఒంటరిగా పుట్టలేదు. పదిమంది కలిసి పనిచేయడంలోనుంచి పుట్టింది. ఊడుపుల్లో ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. తప్పెటగుళ్లలో గుండెమీది తప్పెటా కాలి గజ్జే పక్కవాడి అడుగుతోనే నడుస్తాయి. జముకుల కథలో వంతపాటగాడు సమయానికి అందుకోకపోతే కథ కుంటుపడుతుంది. 1960ల చివర సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ ప్రజల దగ్గరికి ఈ రూపాన్నే తీసుకువెళ్లడానికి ఈ సామూహిక స్వభావం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

అయితే ఈ సామూహికతకు ఒక షరతు ఉంది. అందరూ ఒకచోట ఉండాలి. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడు. అక్కడ విద్య అంటే గురువు ఎదుట కూర్చోవడమే. గ్రామఫోనూ రేడియో పాటను దూరాలకు మోసుకుపోయాయి గాని, విన్నవాడికి తిరిగి పలికే అవకాశం ఇవ్వలేదు. ఆ అవకాశం ఇంటర్నెట్‌తో వచ్చింది. అది ఎంతవరకు నిజమన్నదే ప్రశ్న.

2020 లాక్‌డౌన్‌లో ఆమదాలవలస దగ్గర మా ఊరి భజన బృందం ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. హార్మోనియం వాయించేవాడు ఊళ్లో ఉన్నాడు. మద్దెల వాయించేవాడు భవన నిర్మాణం పనికి హైదరాబాదు వెళ్లి అక్కడే చిక్కుకున్నాడు. ఫోనులో ఒకరినొకరు చూసుకుంటూ పాట మొదలుపెట్టారు. నాలుగు చరణాలు సాగకముందే పాట నీరసించి ఆగిపోయింది. "ఆడాగినాడని నానాగినాను మాస్టారూ, నానాగినానని ఆడాగిపోనాడు" అన్నాడు హార్మోనియం మనిషి. ఏ శాస్త్రజ్ఞుడూ ఇంతకంటె సూటిగా చెప్పలేడు.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. జాతరలో ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఎడంలో నిలబడ్డ ఇద్దరి మధ్య సెకనులో నలభయ్యోవంతు జాప్యం ఉంటుంది. అంతవరకు చెవి సర్దుకుంటుంది. అది బాగా పెరిగితే ఒకరికోసం ఒకరు ఆగుతూ లయను జార్చుకుంటారు. గాజుతీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, శ్రీకాకుళానికీ హైదరాబాదుకూ మధ్య దూరం అసలు అడ్డంకి కాదు. ఫోను చేసే శబ్ద సంస్కరణ, మొబైల్ సంకేతాల ఒడిదుడుకులు, దారిలోని యంత్రాల వద్ద నిరీక్షణ, తీగలేని ఇయర్‌ఫోన్లు, ఇవన్నీ కలిసి ఆ దూరాన్ని పెంచుతాయి. పైగా మాటకోసం తయారైన ఫోను మద్దెల మోతను రొదగా భావించి నొక్కేస్తుంది.

దీనికి ప్రపంచంలో రెండు రకాల సమాధానాలు వచ్చాయి. మొదటిది జాప్యాన్ని తగ్గించడం. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చాఫే బృందం రూపొందించిన జాక్‌ట్రిప్, జర్మనీలో వోల్కర్ ఫిషర్ 2006లో ప్రారంభించిన జామ్యులస్ ఈ దారిలోవి. రెండవది జాప్యంతో రాజీపడడం. 2005లో జస్టిన్ ఫ్రాంకెల్ ప్రభృతులు తెచ్చిన నింజామ్ జాప్యాన్ని తగ్గించదు. ఒక పూర్తి ఆవర్తనం మేరకు పెంచుతుంది. ఎదుటివాడు గడచిన ఆవర్తనంలో వాయించినది మనకు ఈ ఆవర్తనంలో, సరిగ్గా సమం మీద వినిపిస్తుంది. తాళం తప్పదు. అమెరికా పశ్చిమ తీరం మనకు 13 వేల కిలోమీటర్ల పైమాటే. కాంతికే సెకనులో పదిహేనోవంతు పట్టే ఆ దూరానికి ఇది తెలివైన ఉపాయమే.

కాని ఈ పద్ధతిలో ఏ ఇద్దరూ ఒకే సంగీతాన్ని వినరు. నేను వినేది నా నేటినీ నీ నిన్ననూ, నువ్వు వినేది నీ నేటినీ నా నిన్ననూ. గాయకుడి సంగతిని నీడలా వెన్నంటే వయొలిన్‌కు ఇక్కడ చోటు లేదు. మాట చివరను అందుకునే వంతకూ లేదు. కలిసి పాడడమంటే ఒకే లెక్కలో పాడడం మాత్రమే కాదు, ఒకరికోసం ఒకరు వంగడం. తాళం మిగిలి ఆ వంగడం పోతే, మిగిలేది సమూహం కాదు, సంఖ్య.

అందుచేత మొదటి దారే మనకు దగ్గరిది. జామ్యులస్ ఉచితం, దాని మూలరచన బహిరంగం. సర్వరు ఎవరైనా నడపవచ్చు. కాని అది బాగా నడవాలంటే కదలని తీగ, కంప్యూటరు, తీగ ఉన్న హెడ్‌ఫోను కావాలి. ఇటుకల మధ్య రేకుల షెడ్డులో పడుకునే మద్దెలగాడికి ఇవి ఎక్కడివి? యంత్రం దాటగలిగిన దూరాన్ని అతని దారిద్ర్యం దాటనివ్వదు.

ఈ సాఫ్ట్‌వేర్‌ను నిరాకరించమని నేననడంలేదు. మా పాఠశాలలో పిల్లలకు చూపించాలనే ఉంది. అయితే వలసపోయిన బృందాన్ని యంత్రం తిరిగి కూరుస్తుందని భ్రమపడవద్దు. ఆ సంక్రాంతికి మద్దెలవాడు ఊరొచ్చాడు. ఇద్దరూ గుడి అరుగుమీద మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. మొదటి చరణంలో మద్దెల ఒకసారి జారింది. హార్మోనియం ఒక్క లిప్త ఆగి, దాన్ని తనతో తీసుకుపోయింది.