తెల్లబడటమా? పాలిపోవడమా?

మీరు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉన్నా, శ్రీకాకుళంలో ఉన్నా "ఈ క్రీము రాయి, నాలుగు రోజుల్లో తెల్లబడతావు" అన్న సలహా వినే ఉంటారు. అలాంటి కొన్ని క్రీముల్లో కార్టికోస్టెరాయిడ్ ఉంటుంది. అది చర్మాన్ని ఎలా తెల్లబరుస్తుందో తెలియాలంటే కొంత చరిత్ర తెలుసుకోవాలి.

మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథుల హార్మోన్లలో కార్టిసోన్ ఒకటి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం దీనిని కీళ్లవాత రోగికి ఇచ్చి, అద్భుతమైన ఫలితం పొందింది. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అయితే కార్టిసోన్‌ను చర్మంపై రాస్తే అంతగా పనిచేయలేదు. 1952లో సల్జ్‌బర్గర్, విటెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్ పూత ఎగ్జిమాను తగ్గిస్తుందని చూపారు.

ఆ తర్వాత కొత్త స్టెరాయిడ్‌లు వరసగా వచ్చాయి. ఏది ఎక్కువ శక్తిగలదో తేల్చడం ఎలా? 1962లో మెకెంజీ, స్టౌటన్ ఒక సులువైన పద్ధతి చెప్పారు. మందును ముంజేతిపై రాసి, రాత్రంతా కప్పి ఉంచి, మర్నాడు చూడాలి. ఎంత పలుచని ద్రావణంతో చర్మం పాలిపోతే, ఆ మందు అంత శక్తిగలది! ఈ సూత్రాన్ని నేటికీ వాడుతున్నారు.

చర్మం ఎందుకు పాలిపోతుంది? స్టెరాయిడ్ అణువు కణంలోకి వెళ్లి, గ్రాహక ప్రోటీనుతో కలిసి, కొన్ని జన్యువుల పనిని మారుస్తుంది. రక్తనాళాల లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాలు నాళాన్ని వెడల్పు చేసే నైట్రిక్ ఆక్సైడ్ వంటి పదార్థాలను తక్కువగా తయారుచేస్తాయి. నాళం చుట్టూ ఉన్న కండర కణాలు మరింతగా ముడుచుకుంటాయి. రక్తం తగ్గి, చర్మం పాలిపోతుంది. అంటే తొలి రోజుల్లో మీరు చూసే ఆ 'తెలుపు' ఆరోగ్యం కాదు, ఇరుకైన రక్తనాళాల గుర్తు!

ఈ ప్రభావం నిలవదు కూడా. మళ్లీ మళ్లీ రాస్తుంటే నాళాలు ముడుచుకోవడం తగ్గుతుందని 1975లో డు వివియర్, స్టౌటన్ చూపారు. నెలల తరబడి వాడితే చర్మంలో కొల్లాజెన్ తగ్గి, చర్మం పలచబడుతుంది. ఆసరా లేని నాళాలు వ్యాకోచించి ఎర్రని దారాల్లా పైకి కనిపిస్తాయి. క్రీము ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది. దాంతో మళ్లీ అదే క్రీము రాస్తారు!

ఖరగ్‌పూర్‌కు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాకు చెందిన చర్మవైద్యుడు కౌశిక్ లాహిరి, లక్నోకు చెందిన అబీర్ సారస్వత్, మరికొందరు కలిసి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముఖంపై చర్మవ్యాధులతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నారు. వారిలో సగానికి పైగా వైద్యుని చీటీ లేనివారే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 పూతమందులను చీటీ ఉంటేనే అమ్మాలని నిర్దేశించింది.

వైద్యుడు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే ఇది మేలైన మందే. మీ ఇంట్లోని ట్యూబుపై బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ పేర్లున్నాయేమో చూడండి. ఉంటే, అది సౌందర్య సాధనం కాదు, మందు. ఇప్పటికే చాలాకాలంగా ముఖానికి వాడుతున్నవారు దానిని ఎలా మానాలో చర్మవైద్యుని అడగాలి.